గుమాస్తా గారి ప్యాంటు

దర్జీ కొట్టు. మధ్యాహ్నం మూడు దాటింది. మిషను మీద నాన్న, ఎదురుగా స్టూలు మీద నర్సింగు మొదటి ఏడాది చదువుతున్న కూతురు.

"ఆ మిషను కాసేపు ఆపు నాన్నా. సంతకం పెట్టి మళ్ళీ కుట్టుకుందువుగాని."

"ఈ చెయ్యొక్కటీ అయిపోనీ."

"అరగంట నుంచీ అదే చెయ్యి. ఎన్ని చేతులేంటి ఆయనకి?"

"రెండే. కాకపోతే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నేను కత్తిరించిన దాన్నిబట్టి."

"నాన్నా."

"వింటున్నానే బొత్తాం. చెవులతో కుట్టను కదా, చెప్పు."

"ఆ పేరొద్దన్నానా? మూడేళ్ళప్పుడు ఒక్క బొత్తాం మింగినందుకు జీవితాంతం పిలుస్తావా?"

"ఒక్కటి కాదు, రెండు. రెండోది ఇప్పటికీ దొరకలేదు."

"మాట మార్చకు. ఐదింటిలోపు ఈ ఫారం కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి. ఇవాళే ఆఖరు. ఇవాళ దాటితే ఇంక మానడానికి లేదు, ఏడాదంతా చదివి తీరాల్సిందే. ఇదిగో, 'తండ్రి సంతకం' అని ఉందే, ఇక్కడ గీకెయ్. అంతే."

"అద్దాలు కనపడట్లేదు."

"నెత్తి మీదున్నాయి."

"ఓ. ఏదీ... 'కోర్సు మానుటకు దరఖాస్తు'. 'కారణము'. కారణం దగ్గర ఖాళీ వదిలేశావేం?"

"స్వంత కారణాలు అని రాస్తాలే."

"చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో కూడా ఇలాంటి గడే ఒకటుంది. నర్సింగు ఎందుకు ఎంచుకున్నావు అని. అది మాత్రం గడి దాటిపోయేలా రాశావు."

"'చిన్నప్పటి నుంచీ సేవ చేయాలన్న తపన.' పక్కపిల్లది చూసి రాశాను. అదేమో వాళ్ళక్కది చూసి రాసింది. నలభై మందిమి చేరితే ముప్పై ఆరు మందికి చిన్నప్పటి నుంచీ అదే తపన. మొదటి రోజే మేడం అన్నీ పైకి చదివింది, సిగ్గుతో చచ్చాం."

"మిగతా నలుగురు?"

"ఒకడు మామయ్య చేరమన్నాడని, ఒకమ్మాయి ఉద్యోగం తొందరగా వస్తుందని, ఇంకొకమ్మాయి డాక్టరు సీటు రాలేదు కాబట్టి అని. నాలుగో ఆమె వాళ్ళమ్మని ఏడాది పాటు మంచం మీద చూసుకుందిట. ఆమెది మాత్రం మేడం మడిచి విడిగా పెట్టుకుంది."

"మరి నీ అసలు కారణం ఏంటి? నాక్కూడా తెలీదు."

"ఇప్పుడెందుకులే."

"ఇప్పుడే. చెప్తేనే పెన్ను పట్టుకుంటా."

"ఆస్పత్రి సిస్టర్లు యూనిఫాంలు కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళు కదా. వాళ్ళొస్తే నువ్వు మిషను దగ్గర్నుంచి లేచి నిలబడేవాడివి. టీ తెప్పించేవాడివి. ఇంకెవరికీ లేవలేదు నువ్వు. మన ఇంటి ఓనరుకి కూడా లేవలేదు."

"అదా."

"అదే. అప్పుడు పద్నాలుగేళ్ళదాన్ని. మా నాన్నని కూడా లేపే ఉద్యోగం ఏంటో చూద్దామనుకున్నా."

"బాగానే ఉందిగా కారణం. రాయాల్సింది."

"ఏమని రాయను? మా నాన్న లేస్తాడని రాయనా? అయినా నేను ఆ తెల్లబట్టలు వేసుకుని మొదటి రోజు కొట్టుకొస్తే నువ్వు లేవనే లేదు."

"కాలు పెడలు మీదుంది."

"ఊ."

"సరే, మానడానికి కారణం చెప్పు."

"పొద్దున్నే ఐదింటికి లేవాలి."

"నువ్వు కోడి కంటే ముందు లేచే రకం."

"రోజంతా నిలబడాలి."

"నేను రోజంతా కూర్చుంటున్నా. ఇదేమైనా సుఖమనుకున్నావా?"

"దుప్పటి మూలలు కవరు మడిచినట్టు మడవాలి. ఒక్క ముడత కనపడినా విప్పించి మళ్ళీ వేయిస్తారు. వాళ్ళ పిచ్చి వాళ్ళది."

"అది నాకు నచ్చింది. అంటే మీ వార్డులో..."

"మా వార్డు కాదు. వాళ్ళ వార్డు."

"సరే తల్లీ, వాళ్ళ వార్డే. కానీ ఇంట్లో ఏంటి మరి? చేతులు మోచేతుల దాకా కడుక్కుంటున్నావు. నా సూదుల డబ్బాకి మూత పెట్టావు. మీ అమ్మ తలనొప్పికి మాత్ర వేసుకుంటే పేరేంటి, ఎంత పవరు, ఎన్నింటికి వేసుకున్నావు అని పోలీసులా అడుగుతున్నావు."

"అలవాటైంది. మానేస్తే అదే పోతుంది."

"వాళ్ళ వార్డులో ఏమైందే?"

"ఏమీ కాలేదు."

"ఏమీ కాకపోతే పది రోజులుగా కంచంలో కెలికి లేచిపోతున్నావెందుకు? నేనేదో అన్నానని మీ అమ్మ నన్ను తిడుతోంది."

"ఊపిరి లెక్కపెట్టమన్నారు."

"ఎవరిది?"

"ఏడో బెడ్డు తాతగారిది. నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తున్నారో చూసి చార్టులో రాయాలి. నేనేం చేశానంటే, ఆయన దగ్గరికెళ్ళి, 'తాతగారూ, మీ ఊపిరి లెక్కపెడతాను, మామూలుగా పీల్చండి' అన్నాను."

"మర్యాదగానే అన్నావుగా."

"అదే తప్పు. అలా చెప్పకూడదు. చెప్పగానే మనిషి తనకి తెలీకుండానే ఊపిరి సర్దుకుంటాడు. ఆయన పాపం నాకు సాయం చేద్దామని బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని, నెమ్మదిగా, అందంగా పీల్చాడు. పద్దెనిమిది వచ్చింది. రాశాను. బాగా రాశానని సంతోషపడ్డాను కూడా."

"తర్వాత?"

"పది నిమిషాలకి సిస్టరు వచ్చి నాడి చూస్తున్నట్టు ఆయన చెయ్యి పట్టుకుంది. నాడి చూడటం అయిపోయినా చెయ్యి వదల్లేదు. కళ్ళు మాత్రం ఛాతీ మీద. అలా దొంగచాటుగా లెక్కపెట్టాలి. ముప్పై రెండు వచ్చింది."

"అంటే?"

"అంటే అస్సలు బాగాలేదని. ఆక్సిజన్ పెట్టారు, డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. ఆయన నాలుగు రోజులకి లేచి నడుచుకుంటూ ఇంటికెళ్ళాడనుకో. కానీ ఆ రోజు సిస్టరు అందరి ముందూ నా చార్టు ఎత్తి పట్టుకుని, 'ఈ పద్దెనిమిది ఎవరిదమ్మా? పేషెంటుది మాత్రం కాదు' అంది."

"గట్టిగా అందా?"

"మెల్లిగా అంది. అదే బాధ. గట్టిగా అరిస్తే నేనూ ఏడ్చి ఊరుకునేదాన్ని."

"ఆ తాతగారేమన్నాడు?"

"వెళ్ళేటప్పుడు నాకు అరటిపండు ఇచ్చి, 'నీ కోసమే బాగా పీల్చానమ్మా, మార్కులు బాగా వేశారా' అని అడిగాడు."

"అయ్యో."

"నవ్వకు నాన్నా."

"నవ్వట్లేదే. దారం నోట్లో ఉంది."

"నా అంకె నమ్మి సిస్టరు పక్క వార్డుకెళ్ళిపోయుంటే? అది తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు. నాకు భయమేస్తోంది నాన్నా. నేను దీనికి పనికిరాను."

"హుఁ. పొట్ట."

"ఏంటి?"

"టేపు తీయగానే ప్రతివాడూ పొట్ట లోపలికి లాక్కుంటాడు. అచ్చం నీ తాతగారే. నేను పని నేర్చుకునేటప్పుడు ఒక గుమాస్తా గారు..."

"వద్దు. ఆ గుమాస్తా గారి ప్యాంటు కథ వద్దు. నేను బొత్తాం మింగింది కూడా ఆ కథ వింటూనేనట, అమ్మ చెప్పింది."

"సరే చెప్పను. రేపట్నుంచి ఏం చేస్తావు మరి?"

"ఏదో ఒక కంప్యూటరు కోర్సు. కంప్యూటరు ఊపిరి పీల్చదు."

"యూనిఫాంలు రెండున్నాయి. కొత్తవి."

"విప్పేసి దిండు గలీబులు కుట్టు."

"ఆ కాలరుకి నాకు రెండు రోజులు పట్టింది."

"నీకు బాధగా ఉందని తెలుసు నాన్నా. నాకూ ఉంది. పెట్టెయ్."

"ఇదిగో. నాన్న బలవంతాన చదివాను అని నువ్వు రేపెప్పుడూ అనుకోకూడదని పెడుతున్నా. చూడు, సరిగ్గా పడిందా?"

"వంకరగా పడింది."

"నా సంతకం ఎప్పుడూ అంతే."

"నీ సంతకం స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. వస్తాను మరి. మూడున్నరైంది."

"టైలరూ, ఉన్నావా?"

"రావోయ్ పోస్టుమ్యానూ. మెట్ల మీదే ఆగిపోయావేం?"

"ఆగలేదయ్యా. మూడు మెట్లు... ఎక్కి వస్తున్నా. ఎవరూ, మన బొత్తామేనా? ఎంత పెద్దదైపోయింది."

"కూర్చో బాబాయ్. ఇదిగో స్టూలు."

"నిలబడే ఉంటానమ్మా... కొలత కదా. టైలరూ, ఈ సంచిలో ప్యాంటు మళ్ళీ బిగుతైపోయింది. ఎల్లుండి రిటైరైన పోస్టుమ్యాన్లందరికీ... ఫోటో తీస్తున్నారు. నన్ను ముందు వరసలో కూర్చోబెడుతున్నారట."

"మొన్నే కదయ్యా వదులు చేశాను?"

"నీ దారం కుంచించుకుపోయింది."

"నా దారాన్ని ఏమీ అనకు. బొత్తాం, ఒక్క నిమిషం ఆగు. కొలతల పుస్తకం తీసి రాసిపెట్టి వెళ్ళమ్మా, నా చేతులు రెండూ టేపు మీదున్నాయి."

"త్వరగా చెప్పు. ఆఫీసు మూసేస్తారు."

"నడుము నలభై."

"నలభయ్యా? సరిగ్గా చూడు నాన్నా."

"ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా."

"పుస్తకంలో పోయిన నెల ముప్పై ఆరుంది. పది రోజుల కింద ముప్పై ఎనిమిది. ఇప్పుడు నలభై."

"అంతా మీ పిన్ని వంట మహిమ."

"మొహం చూస్తే చిక్కిపోయావు బాబాయ్. తిన్నదంతా పొట్టలోకేనా?"

"తిండెక్కడమ్మా. రెండు ముద్దలకే... కడుపు నిండిపోతోంది."

"చెప్పులేసుకొచ్చావేం? నువ్వెప్పుడూ బూట్లే కదా. ఊరంతా ఆ బూట్లతోనే తిరిగేవాడివి."

"బూట్లు కూడా పట్టట్లేదు."

"వాటిని నేను కుట్టలేదయ్యోయ్."

"ఉండు నాన్నా. బాబాయ్, ముందు కూర్చో. కూర్చోమన్నానా. ఆ చెయ్యి ఇటివ్వు, నాడి చూస్తా. ఊరికే, చదివింది మర్చిపోకుండా."

"చూడమ్మా, చూడు. మొదటి పేషెంటుని... నేనేనా?"

"నువ్వు మాట్లాడకు. నాన్నా, బాబాయ్‌కి ఆ గుమాస్తా గారి ప్యాంటు కథ చెప్పు."

"నిజంగానా?"

"బాబాయ్ వినలేదేమో కదా."

"ఎప్పుడూ వినలేదు."

"ఇప్పుడు విను. మధ్యలో ఏమీ అడగకుండా విను. నువ్వు చెప్పు నాన్నా."

"ఏం లేదోయ్. నేను మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఒక గుమాస్తా గారు వచ్చారు. కొలత తీశాను, ముప్పై నాలుగు. ఇంతలావు పొట్టకి ముప్పై నాలుగేంటని అనుమానం రావాలి కదా, నాకు రాలేదు. టేపు చెప్పింది, నేను రాశాను. కుట్టి ఇచ్చాను. ఆయన ఆ ప్యాంటు వేసుకుని కొత్త ఆఫీసరు గారి ముందుకెళ్ళాడు. ఆఫీసరు కూర్చోమన్నాడు. ఈయన కూర్చోడే."

"ఊఁ, ఆపకు నాన్నా."

"'ఫర్వాలేదు సార్, నిలబడతాను' అన్నాడు. ఆఫీసరు మంచివాడు, మరీ మరీ బతిమాలాడు. పాపం కూర్చున్నాడు. ఆ చప్పుడు పక్క గదిలోకి కూడా వినపడిందిట. ఆఫీసరు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఈయన ఒక ఫైలు వెనక అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుంటూ, పీతలా పక్కకి నడుస్తూ తిన్నగా కొట్టుకొచ్చాడు. చెప్పనా ఇంకా?"

"చెప్పు, చెప్పు."

"మేస్త్రీ నన్ను కొడతాడనుకున్నా. కొట్టలేదు. టేపు మళ్ళీ నా చేతికే ఇచ్చి, ఆయనతో 'మీ అమ్మాయి ఎన్నో క్లాసండీ' అన్నాడు. గుమాస్తా గారు మొదలెట్టారు. అమ్మాయి చదువు, అమ్మాయి పాట, అమ్మాయి మార్కులు. చెప్తూ చెప్తూ ఉంటే పొట్ట మెల్లిగా బయటికొచ్చింది. 'ఇప్పుడు తీయరా' అన్నాడు మేస్త్రీ. ముప్పై ఎనిమిది. అప్పట్నుంచీ నేను టేపు పట్టుకున్నానంటే ముందు పిల్లల సంగతి..."

"ముప్పై."

"ముప్పై ఎనిమిదమ్మా."

"గుమాస్తా గారి సంగతి కాదు నాన్నా. బాబాయ్ ఊపిరి. నిమిషానికి ముప్పై."

"అదేంటమ్మా, నాడి అన్నావు?"

"నాడి ఎప్పుడో అయిపోయింది బాబాయ్. అది నూట పది. రాత్రిళ్ళు ఎలా పడుకుంటున్నావు?"

"పడక్కుర్చీలో. మంచం మీద పడుకుంటే... గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. గ్యాసేలే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఒక వారం."

"ప్యాంటు అంచు కాస్త పైకెత్తు. నొప్పి ఉండదు, వేలితో నొక్కుతా."

"ఇదేంటే, నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది?"

"నువ్వు చూడకు నాన్నా, భయపడతావు. బాబాయ్, మందులేమైనా వాడుతున్నావా?"

"నీళ్ళ మాత్ర అని ఒకటుండేది. అది వేసుకుంటే అరగంటకోసారి... దొడ్లోకి పరిగెత్తాలి. ఫోటో మధ్యలో లేచిపోతే బాగోదని, ముందు నుంచే అలవాటు తప్పిద్దామని మానేశాను."

"ఎప్పుడు?"

"మూడు వారాలు అవుతోంది. ఏమైందమ్మా నాకు?"

"ఏమైందో చెప్పేది డాక్టరు. కనపడింది చెప్పడం వరకే నా పని. కనపడింది బాగాలేదు. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్తున్నాం."

"ఎల్లుండి ఫోటో అయ్యాక వెళ్దాంలే."

"బాబాయ్, టెలిగ్రాం వస్తే ఎల్లుండి ఇచ్చేవాడివా?"

"ఛ, ఆ గంటలోనే ఇచ్చేవాణ్ణి."

"ఇదీ అంతే. లే, మెల్లిగా. నా భుజం పట్టుకో. నాన్నా, బండి పిలువు. పిన్నికి ఫోను చెయ్యి, కంగారు పెట్టకుండా చెప్పు, ఆ మందుల చీటీ తెమ్మను. పెన్నిలా ఇవ్వు. ఊపిరి, నాడి, టైము రాసుకోవాలి. ఆ పుస్తకంలో నడుము కొలతలు తేదీలతో సహా చదువు."

"కాగితం ఇవ్వనా?"

"ఉంది చేతిలో. చదువు నువ్వు."

"చదువుతాను గానీ, నీ ఐదింటి పని?"

"చూద్దాంలే. ఆ పక్క నుంచి పట్టుకో ముందు."

"టైలరూ, మరి ఈ ప్యాంటు?"

"నలభై రెండు పెట్టి కుడతానయ్యా. నువ్వు వెళ్ళు."

"కుట్టకు నాన్నా. ముప్పై ఆరుకే ఉంచు."

అదే రోజు, సాయంత్రం ఆరుంపావు. ఫోనులో.

"ఎలా ఉన్నాడే?"

"ఫర్వాలేదు నాన్నా. ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షను ఇచ్చారు. ఊపిరి ఇరవై నాలుగుకి దిగింది. ఫోటోగ్రాఫరు ఇక్కడికే వస్తే ముందు వరసలో మంచం పడుతుందా అని డాక్టరునే అడుగుతున్నాడు. పిన్ని తిడుతోంది."

"తిడుతోందంటే బాగానే ఉన్నట్టు. డాక్టరేమన్నాడు?"

"ఇంకో రెండ్రోజులు ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు. గుండె అలసిపోయి ఒంట్లో నీరు చేరిందట. నడుము కొలతలు చూసి, ఇవెవరు తీశారు, ఇంత కచ్చితంగా ఉన్నాయి అన్నాడు. నీ పేరు చెప్పాను."

"ఓహో."

"ఏంటా చప్పుడు?"

"స్టూలు. లేచాను."

"ఎందుకు లేవడం? ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు. నీ ఫోనే కదా. చెప్పు, ఆ సిస్టరు ఉందా అక్కడ?"

"ఆవిడదే డ్యూటీ. నా ముప్పై నమ్మలేదు. తనే బాబాయ్ చెయ్యి పట్టుకుని మళ్ళీ లెక్కపెట్టింది."

"ఎంతట?"

"ముప్పై ఒకటి."

"ఏమంది?"

"నేను రాసుకొచ్చిన కాగితం తీసుకుని బాబాయ్ కేసు షీటులో పిన్ను కొట్టింది."

"మంచిదే. మరి నీ ఫారం సంగతి? ఐదు ఎప్పుడో దాటిపోయింది."

"ఆఫీసుకి ఫోను చేశాను. గుమాస్తా ఇంకా ఉన్నాడు, ఏడు లోపల తెస్తే ఇవాళ్టి తేదీతోనే తీసుకుంటానన్నాడు."

"అయితే ఇంకేం. వెళ్ళి ఇచ్చెయ్ మరి."

"ఫారం నా దగ్గర లేదు."

"పోగొట్టావా?"

"లేదు. బాబాయ్ లెక్కలన్నీ దాని వెనకే రాశాను. అప్పుడు చేతిలో అదే ఉంది."

"నేను సంతకం పెట్టిన దాని వెనకా? సిస్టరు ముందువైపు చూసిందా మరి?"

"మొత్తం చదివింది. తర్వాత తిప్పి, లెక్కలు పైకొచ్చేలా పిన్ను కొట్టింది."

"ఓస్, దానికేముంది. అడిగి వెనక్కి తీసుకో. ఆ లెక్కలు ఇంకో కాగితం మీదకి ఎక్కించి ఇస్తే సరిపోయె."

"కుదరదు నాన్నా. కేసు షీటులోకి వెళ్ళిన కాగితం ఎవరడిగినా బయటికి తియ్యకూడదు. అది మా రూలు."